కత్తి నుంచి తవుడు దాకా: మలబద్ధకం కథ

పేరు చూసి పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. గుండె గురించీ మెదడు గురించీ చదవడానికి మనకు సిగ్గు లేదు. పెద్దపేగు మాటెత్తితే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటాం. అందులోనూ ఆడపిల్లలు ఈ సంగతి కన్నతల్లితో కూడా చెప్పుకోరు. కడుపు ఉబ్బరంగా ఉందంటారు, తలనొప్పి అంటారు, అన్నం సయించడం లేదంటారు. మూడు రోజులుగా విరేచనం కాలేదన్న అసలు విషయం డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే గాని బయటపడదు.

మలబద్ధకం పురుషులలో కంటే స్త్రీలలో దాదాపు రెట్టింపు కనిపిస్తుందని అనేక దేశాల సర్వేలు చెబుతున్నాయి. ఎందుకిలా? ఈ ప్రశ్నకు గత నూట పాతికేళ్ళలో వైద్యులు చెప్పిన జవాబులన్నీ వరసగా పెట్టి చూస్తే, విజ్ఞానశాస్త్రం ఎలా ముందుకు నడుస్తుందో, మధ్యలో ఎలా తూలి పడుతుందో కూడా అర్థమవుతుంది. ఆ తప్పటడుగుల్లో ఒకటి కొందరు స్త్రీల పొట్టల మీద కత్తిగాటుగా మిగిలిపోయింది. ముందు ఆ కథ చెప్పుకుందాం.

లండన్ సర్జన్ సిద్ధాంతం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్‌లోని గైస్ హాస్పిటల్లో విలియం ఆర్బత్‌నాట్ లేన్ (1856–1943) అనే సర్జన్ ఉండేవాడు. సామాన్యుడు కాడు. విరిగిన ఎముకలకు ఉక్కు పలకలు పెట్టి మరలు బిగించి అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆపరేషన్ చేసేటప్పుడు గాయాన్ని చేతితో తాకకుండా పరికరాలతోనే పని జరిపించేవాడు. అంత నిపుణుడికి కడుపు కోసినప్పుడల్లా ఒక దృశ్యం కనిపించేది: పెద్దపేగు అక్కడక్కడ మెలికపడి, పలుచని పొరలతో అటూ ఇటూ అతుక్కుని ఉండడం. మనిషి నిటారుగా నడవడం మొదలుపెట్టాక పేగు కిందికి జారిందనీ, దాన్ని పట్టి ఉంచడానికి ఈ పొరలు పుట్టాయనీ, వాటివల్ల మెలికలు పడి మలం కదలకుండా నిలిచిపోతోందనీ ఆయన నిర్ణయించాడు. నిలిచిన మలం కుళ్ళి, ఆ విషం రక్తంలోకి ఎక్కుతుంది. తలనొప్పి, నీరసం, చేతులు చల్లబడడం, చర్మం నల్లబడడం, దిగులు – అన్నింటికీ అదే మూలం అన్నాడు.

ఈ ‘విషం’ ఊహ లేన్ సొంతం కాదు. క్రీస్తుపూర్వం సుమారు 1550 నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎబర్స్ పపైరస్‌లోనే పేగులో కుళ్ళిన పదార్థం రోగాలు పుట్టిస్తుందన్న ఆలోచన ఉంది. 1887లో ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ బూషార్ దీనికి ఆధునిక వైద్యపు వేషం వేసి, మనిషి తనకు తానే విషం ఎక్కించుకుంటున్నాడన్నాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మెచ్నికాఫ్ మరో అడుగు ముందుకేసి, పెద్దపేగు మనిషికి అక్కరలేని అవయవం అన్నంత దాకా వెళ్ళాడు. పెద్దపేగులోని చెడ్డ సూక్ష్మజీవుల నోరు కట్టాలంటే పులిసిన పాలు తాగాలన్నాడు. మన ఇళ్ళల్లో పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు కాబట్టి ఈ సలహా వరకు మనకు కొత్తేమీ కాదు.

మెచ్నికాఫ్ పెరుగు దగ్గర ఆగాడు. లేన్ చేతిలో కత్తి ఉంది. మొదట చిన్నపేగు చివరను కోసి పెద్దపేగు కింది భాగానికి అతికించాడు, మధ్య దారి వదిలేసి. అది చాలదనిపించినప్పుడు పెద్దపేగునే తీసేశాడు. 1909లో దీర్ఘకాల మలబద్ధకానికి శస్త్రచికిత్స గురించి పుస్తకమే రాశాడు. ఆ రోగుల్లో ఎక్కువమంది స్త్రీలు. అప్పటికి యాంటీబయాటిక్ మందులు లేవు, రక్తమార్పిడి ఇంకా పసితనంలో ఉంది. అలాంటి కాలంలో మలబద్ధకానికి పెద్దపేగు తీయించుకోవడం అంటే ఏమిటో ఆలోచించండి. కొందరు ఆపరేషన్ తర్వాత బతకలేదు.

స్త్రీలే ఎందుకు ఎక్కువ? అప్పటి వైద్యుల దృష్టిలో జవాబు తేలిక: ఆడవాళ్ళ శరీర నిర్మాణమే బలహీనం. బిగించి కట్టుకునే కార్సెట్లను తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. ఆవిడ ఏం తింటోంది, ఎప్పుడు తింటోంది, కాలకృత్యానికి ఆవిడకు వేళ దొరుకుతోందా అని అడిగినవాళ్ళు తక్కువ. 1906లో బెర్నార్డ్ షా రాసిన ఒక నాటకంలో ఒక సర్జన్ ప్రతి రోగి కడుపులోనూ ఎవరికీ తెలియని ఒక సంచి ఉందనీ, దాన్ని కోసేస్తే సర్వరోగాలూ పోతాయనీ అంటుంటాడు. అది లేన్ మీద విసురే అని చాలామంది అనుకున్నారు.

1913లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ ఈ పేగు విషం మీద పలు సమావేశాలపాటు చర్చ జరిపింది. వాదోపవాదాలు సాగాయి గాని ఆ విషం ఏమిటో ఎవరూ చూపించలేకపోయారు.

దూది ముద్ద తేల్చిన నిజం

ఈ సిద్ధాంతాన్ని పడగొట్టింది పెద్ద యంత్రాలేవీ కావు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ ఆల్వరెజ్ ఒక సూటి ప్రశ్న వేశాడు. విషం రక్తంలో కలిసిందే నిజమైతే, అది పోవడానికి గంటలు పట్టాలి కదా? రాత్రి తాగినవాడి మత్తు సీసా పారేయగానే దిగిపోదు. కాని మలబద్ధకంతో తల బరువెక్కినవాళ్ళు విరేచనం అయిన కొన్ని నిమిషాల్లోనే ‘అమ్మయ్య, తేలికైంది’ అంటున్నారు. కనుక బాధకు కారణం రక్తంలోని విషం కాదు. పురీషనాళం సాగి నిండుగా ఉండడం, ఆ సమాచారం నరాల ద్వారా పైకి చేరడం.

1922లో డొనాల్డ్‌సన్ అనే మరో పరిశోధకుడు దీన్ని ప్రయోగంలో పెట్టాడు. ఆరోగ్యవంతులైన మగవాళ్ళ పురీషనాళంలో శుభ్రమైన దూది కూరాడు. దూదిలో విషమేముంది? అయినా వాళ్ళకు అదే తలనొప్పి, అదే చికాకు, అదే మందకొడితనం వచ్చాయి. దూది తీసేయగానే పోయాయి. మీ లాబ్‌లో ప్రయోగాలకు పరికరాలు లేవని నిరుత్సాహపడే ముందు ఈ దూది ముద్దను తలుచుకోండి.

లేన్ ఏమయ్యాడు? కథలోని విచిత్రం ఇక్కడుంది. 1925లో ఆయన ‘న్యూ హెల్త్ సొసైటీ’ అనే సంస్థ పెట్టి, పొట్టు తీయని గోధుమ రొట్టె తినండి, కూరగాయలూ పండ్లూ తినండి, ఎండలో తిరగండి అని ఊరూరా ప్రచారం మొదలుపెట్టాడు. జనంతో నేరుగా మాట్లాడడానికి అడ్డం రాకూడదని వైద్యుల రిజిస్టరు నుంచి తన పేరు కూడా తీయించుకున్నాడు. కత్తి పట్టిన చేత్తోనే తవుడు పంచాడన్నమాట. పేగు విషం నమ్మకాన్ని మాత్రం వదులుకోలేదు. సిద్ధాంతం తప్పు, సలహా ఒప్పు – విజ్ఞాన చరిత్రలో ఇలా జరగడం అరుదేమీ కాదు.

ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. 1980లలో లండన్‌లోని సెయింట్ మార్క్స్ హాస్పిటల్ వైద్యులు కొందరు యువతుల్లో పెద్దపేగు కదలిక నిజంగానే బాగా మందగించి ఉంటుందనీ, ఎంత పీచు తిన్నా మార్పు రాదనీ గమనించారు. 1984లో రాసిన ఒక పత్రంలో ఆ జబ్బును లేన్ పేరుతోనే ప్రస్తావించారు. అలాంటి కొద్దిమందికి, అన్ని పరీక్షలూ చేశాక చిట్టచివరి మార్గంగా, శస్త్రచికిత్స నేటికీ ఉంది. లేన్ చూసిన రోగం కొందరిలో నిజమే. దాన్ని కనిపించిన ప్రతి స్త్రీకీ అంటగట్టడమే ఆయన చేసిన పొరపాటు.

మీ లాబ్‌లోని గులాబీ రంగు చుక్క

టైట్రేషన్ చేసేటప్పుడు రెండు చుక్కలు వేస్తే క్షారంలో గులాబీ రంగు చూపే ఫినాఫ్తలీన్ మీకు తెలుసు. 1871లో జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫన్ బేయర్ దాన్ని తయారు చేశాడు. 1902లో హంగరీలో నకిలీ ద్రాక్షసారాను గుర్తించడానికి దీన్ని కలపాలనుకుని, మనిషికి హాని చేస్తుందో లేదో చూడమని జోల్తాన్ వామొషీ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. పరీక్షలో తేలింది ఏమిటంటే అది గట్టి విరేచనకారి! నాలుగేళ్ళలో అమెరికాలో దాన్ని చాకొలెట్లో కలిపి అమ్మకం మొదలైంది. దాదాపు తొంభై ఏళ్ళపాటు కోట్లాది మంది తిన్నారు. ఎలుకల మీద ప్రయోగాల్లో క్యాన్సర్ అనుమానాలు బయటపడ్డాక 1999లో అమెరికా ప్రభుత్వం ఈ మందు సురక్షితం కాదని తేల్చేసింది. అంతకాలం దాన్ని ప్రశ్నించాలని ఎవరికీ పెద్దగా తోచలేదు. కడుపు ఖాళీ అయితే చాలుననుకున్నారు.

పీచు మాట ఎలా పుట్టింది?

ఇప్పుడు ప్రతి బిస్కెట్ ప్యాకెట్ మీదా పీచు పదార్థం గురించి రాస్తున్నారు గాని, ఒకప్పుడు పోషకాహార శాస్త్రంలో అది చెత్తకింద లెక్క. అరగదు, శక్తినివ్వదు, కాబట్టి పనికిరాదు. ఆ చెత్తకు ‘ఆహారపు పీచు’ అనే పేరు పెట్టింది 1953లో ఆస్ట్రేలియాకు చెందిన ఎబెన్ హిప్స్‌లీ. ఆయన రాసింది మలబద్ధకం గురించి కాదు, గర్భిణీ స్త్రీలకు రక్తపోటు పెరిగి వచ్చే జబ్బు గురించి. పీచు ఎక్కువగా తినే జనాల్లో, ఉదాహరణకు ఫిజీ దీవుల్లో, ఆ జబ్బు తక్కువగా ఎందుకుందని ఆలోచిస్తూ ఆ మాట వాడాడు. అంటే పీచు మీద మనం ఈనాడు చెప్పుకునే కబుర్లన్నీ ఒక విధంగా గర్భిణీల ఆరోగ్యం దగ్గర మొదలయ్యాయి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

అంతకుముందే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు క్లీవ్ 1941లో కింగ్ జార్జ్ ది ఫిఫ్త్ యుద్ధనౌక మీద నావికులకు గోధుమ తవుడు తినిపించి మలబద్ధకం పోగొట్టాడు. ఓడ మీద తాజా కూరలు ఉండవు కదా. బస్తాల తవుడే ఆయన మందులషాపు. క్లీవ్ మాటలు విని ఉత్సాహపడినవాడు డెనిస్ బర్కిట్. ఉగాండాలో ఏళ్ళతరబడి సర్జన్‌గా పనిచేసి, పిల్లల్లో వచ్చే ఒక క్యాన్సర్‌ను గుర్తించి, తన పేరు దానికి రావడంతో అప్పటికే ప్రసిద్ధుడైన వాడు.

బర్కిట్ చేసిన పని చూడండి. ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుళికలు మింగమని జనానికి ఇచ్చాడు. తర్వాత వాళ్ళ మలాన్ని సంచుల్లో తెప్పించి, తూచి, ఎక్స్‌రే తీసి, గుళికలు ఎన్ని గంటలకు బయటికి వచ్చాయో లెక్కపెట్టాడు. ఆయనా, ఆయన సహచరులూ 1972లో ప్రచురించిన లెక్కల ప్రకారం బ్రిటిష్ నావికులకూ వాళ్ళ భార్యలకూ ఆహారం నోటి నుంచి చివరిదాకా ప్రయాణించడానికి సుమారు 80 గంటలకు పైగా పట్టింది, రోజుకు విసర్జించిన మలం సుమారు 100 గ్రాములు. ఉగాండా పల్లెవాసులకు సుమారు 36 గంటలు, 470 గ్రాములు. ఇంత తేడాకు ముఖ్య కారణం పళ్ళెంలోని పీచు అన్నాడు బర్కిట్.

ఉత్సాహంలో ఆయన పీచును గుండెజబ్బు నుంచి పేగు క్యాన్సర్ దాకా అన్నింటికీ విరుగుడుగా చూశాడు. అదంతా అంత సులువుగా తేలలేదు. పెద్దపేగులో క్యాన్సర్‌కు దారితీసే బుడిపెలు మళ్ళీ రాకుండా పీచు ఆపుతుందా అని అమెరికాలో జరిపిన రెండు పెద్ద పరీక్షలు 2000లో ‘లేదు’ అనే ఫలితమిచ్చాయి. కాని మలబద్ధకం విషయంలో మాత్రం ఎక్కువమందికి తవుడూ పొట్టూ పనిచేస్తాయన్నది నిలబడింది.

పీచు చేసేదేమిటి? గోధుమ పొట్టు, ఆకుకూరల కాడల్లాంటి కరగని పీచు నీటిని పట్టి ఉంచి మలానికి పరిమాణం ఇస్తుంది. మలం నిండుగా ఉంటేనే పేగు గోడలు సాగి, దాన్ని ముందుకు తోసే కదలిక పుడుతుంది. కరిగే పీచు జిగురులా మారుతుంది. కొంత పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లాలు తయారు చేస్తాయి. పేగు లోపలి పొర కణాలకు అవే ఆహారం. అందుకే పీచు ఒక్కసారిగా పెంచితే గ్యాసు పట్టేస్తుంది. వారం పది రోజులు తీసుకుని, నీళ్ళు బాగా తాగుతూ, కొద్దికొద్దిగా పెంచాలి.

మన పళ్ళెంలో ఎంతుంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో విడుదల చేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ చేసిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు, 2.81 మాత్రమే. జొన్నల్లో 10.22, రాగుల్లో 11.18, సజ్జల్లో 11.49. లెక్క మీరే వేయండి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకు తింటే ఎనిమిదిన్నర గ్రాములకు లోపే. అదే 300 గ్రాముల జొన్నలు రొట్టెలుగానో సంకటిగానో తింటే 30 గ్రాములకు పైనే. రోజుకు 2000 కెలోరీల ఆహారం తినేవాళ్ళకు సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని శాస్త్రజ్ఞుల సలహా.

తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి – ఇవి నిన్నమొన్నటి దాకా పేదల తిండి. కాలువల కింద వరి పెరగడం, మిల్లుల్లో తెల్లగా పాలిష్ పట్టడం, 1983 నుంచి రెండు రూపాయలకు కిలో బియ్యం రావడంతో తెల్లన్నం అందరి పళ్ళెంలోకీ వచ్చింది. ఆకలి తీరిందనడంలో సందేహం లేదు, దాన్ని తక్కువ చేయకూడదు. కాని తవుడు మాత్రం గేదెలకు పోయింది.

ఇక్కడే ఆడవాళ్ళ లెక్క వేరు. చాలా ఇళ్ళల్లో ఇల్లాలు ఆఖరున తింటుంది. అప్పటికి గిన్నెలో అన్నం ఉంటుంది, చారు ఉంటుంది, కూర అడుగంటి ఉంటుంది. పప్పులోనూ కూరలోనూ ఉన్న పీచు ముందు తిన్నవాళ్ళ వాటా. ఇంట్లో ఒకటే వంట అయినా ఒకటే ఆహారం కాదు.

చెట్టుమందులూ వాటి లోగుట్టూ

‘ఇంగ్లీషు మందులెందుకు, ప్రకృతిసిద్ధమైనవి ఉన్నాయి కదా’ అనేవాళ్ళు ఈ మధ్య పెరిగారు. నిజమే, ఉన్నాయి. కాని అవన్నీ ఒకటి కావు. ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో విరేచన మూలికలకు తరగతులున్నాయి: సుఖంగా విరేచనం చేయించడానికి తెల్లతెగడ, మృదువుగా పనిచేయడానికి రేల, తీక్ష్ణమైనదాన్లో జెముడు పాలు. ఎవరికి ఏది అన్నది వైద్యుడు చూసి నిర్ణయించాలి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫల చూర్ణం సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఇసబ్‌గోల్ వీటిలో మెతకది. పర్షియన్ భాషలో ఈ పేరుకు గుర్రపు చెవి అని అర్థం చెబుతారు. గింజ ఆకారం అలా ఉంటుంది. యునానీ హకీముల చేతుల్లో మన దేశంలో ప్రచారం పొంది, 1868 నాటి భారత ఔషధ సంహితలోకి ఎక్కింది. గుజరాత్‌లోని ఉంఝా, సిద్ధపూర్ ప్రాంతాల నుంచి దీని పొట్టు ప్రపంచమంతా వెళుతుంది. నీళ్ళలో వేస్తే తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి జిగురుముద్ద అవుతుంది. మలం గట్టిగా ఉంటే మెత్తబరుస్తుంది, పలుచగా ఉంటే చిక్కబరుస్తుంది. అందుకే విరేచనాలకూ మలబద్ధకానికీ రెండింటికీ వాడతారు. ఒక్క జాగ్రత్త: పెద్ద గ్లాసుడు నీళ్ళతో వెంటనే తాగేయాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది.

సునాముఖి ఆకు కథ వేరు. తమిళనాడులోని తిరునల్వేలి పేరుతో ఇది ప్రపంచ మార్కెట్లో అమ్ముడవుతుంది. దీనిలోని సెన్నోసైడ్లు చిన్నపేగులో ఇమడకుండా నేరుగా పెద్దపేగుకు చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని విడగొడితే పుట్టే పదార్థం పేగును రెచ్చగొట్టి కదిలిస్తుంది. అవసరమైనప్పుడు డాక్టరు చెబితే మంచి మందే. కాని సన్నబడతామన్న ఆశతో ‘హెర్బల్ టీ’ పేరిట రోజూ దీన్ని తాగే అమ్మాయిలున్నారు. దీనివల్ల కొవ్వు కరగదు. నీరూ పొటాషియమూ పోతాయి, అంతే. కలబంద ఆకు తొక్క కింద ఉండే పసుపు పాలు కూడా ఈ కోవకు చెందినవే. ఆ పాల నుంచి తీసిన విరేచన మందులను 2002లో అమెరికా ప్రభుత్వం షాపుల్లో చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసేసింది.

ఇక ఆముదం. ముక్కు మూసి ఆముదం పోసిన తల్లులు లేని తెలుగు ఊరు ఒకప్పుడు ఉండేది కాదు. ఆ ఎబర్స్ పపైరస్‌లోనూ ఆముదం ఉంది. ఇది ఎలా పనిచేస్తుందో మాత్రం మూడున్నర వేల ఏళ్ళ తర్వాత, 2012లో తెలిసింది. పేగులో ఆముదం విడిపోయి రిసినోలిక్ ఆమ్లం వస్తుంది. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు అది పేగు కండరాల మీదున్న ‘ఈపీ3’ అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుందని కనుగొన్నారు. ఆ గ్రాహకం లేని ఎలుకలకు ఎంత ఆముదం పోసినా ఏమీ కాలేదు! ఇంకో విషయం కూడా బయటపడింది: గర్భాశయ కండరం మీద కూడా ఈ గ్రాహకమే ఉంది. అంటే ఆముదం పేగును కదిలించినట్టే గర్భసంచినీ కదిలిస్తుంది. గర్భిణీకి ఆముదం తాగించకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన కారణం అక్కరలేదు. చెట్టు నుంచి వచ్చిందన్నది దానికి కితాబు కాదు, చిరునామా మాత్రమే.

ఆడవాళ్ళ శరీరం, ఆడవాళ్ళ వేళ

స్త్రీ శరీరంలో పేగును మందగింపజేసే కారణాలు కొన్ని నిజంగానే ఉన్నాయి. నెలసరికి ముందు రెండు వారాలూ ప్రొజెస్టిరాన్ హార్మోను పెరుగుతుంది. అది నునుపు కండరాలను సడలిస్తుంది, పేగు గోడలో ఉన్నవీ ఆ కండరాలే. గర్భం వచ్చినప్పుడు ఆ హార్మోను నెలలతరబడి ఎక్కువగా ఉంటుంది, పైగా పెరిగే గర్భసంచి పేగును నొక్కుతుంది. దానికి తోడు రోజూ వేసుకునే ఐరన్ మాత్ర. మాత్రలోని ఇనుములో కొంతే ఒంటికి పడుతుంది. మిగిలింది పేగులోనే ఉండి కొందరికి మలాన్ని నల్లగా, గట్టిగా చేస్తుంది. ఈ బాధ పడలేక మాత్రలు గోడవతల పారేసేవాళ్ళున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి దేశంలో పారేసిన ఆ మాత్ర ఖరీదు ఎంతో ఆలోచించండి. మాత్ర మానకండి, వేళ మార్చమనో, రకం మార్చమనో డాక్టరునో ఆరోగ్య కార్యకర్తనో అడగండి.

కాని హార్మోను ఒక్కటే కథంతా కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో కెన్ హీటన్ బృందం 838 మంది పురుషులనూ 1059 మంది స్త్రీలనూ వాళ్ళ మలవిసర్జన గురించి అడిగి 1992లో ఫలితాలు ప్రకటించింది. రోజుకొకసారి క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు పురుషుల్లో 40 శాతం, స్త్రీలలో 33 శాతం మాత్రమే. ‘రోజూ పొద్దున్నే కావాల్సిందే’ అని బెంగపడేవాళ్ళకు ఇది ఊరట. యువతుల పరిస్థితి మరీ ఇబ్బందిగా ఉందనీ తేలింది. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన అంకె మరొకటి: ఎక్కువమంది పొద్దున్నే వెళతారు, మగవాళ్ళు ఆడవాళ్ళకంటే ముందుగా వెళతారు. ఎందుకో ఆ అంకె చెప్పదు. మన ఇళ్ళు చూస్తే మాత్రం నాకొక అనుమానం కలుగుతుంది. నిద్ర లేచాక, కడుపులో కాస్త ఆహారం పడ్డాక పెద్దపేగు బలంగా కదులుతుంది. రోజులో అదే మంచి సమయం. సరిగ్గా అదే సమయంలో ఇల్లాలు పొయ్యి దగ్గర, పిల్లల క్యారియర్ల దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర ఉంటుంది. కూతురు జడ వేసుకుంటూ బస్సు టైము చూసుకుంటుంది.

వచ్చిన వేగాన్ని ఆపుకుంటే ఏమవుతుంది? పురీషనాళం కాసేపు సర్దుకుంటుంది, తొందర తగ్గుతుంది. మలం అక్కడే ఉంటుంది, పేగు దానిలోని నీటిని ఇంకా పీలుస్తుంది. గట్టిపడిన మలం మరునాడు నొప్పి పెడుతుంది. నొప్పికి భయపడి మళ్ళీ ఆపుకుంటారు. ఇలా అలవాటైతే ఆ తొందర తెలియడమే తగ్గిపోతుంది. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం పేరే వేగాలను ఆపకూడదని చెప్పేది. పదమూడు సహజ వేగాలను చెప్పి, మలాన్ని ఆపితే కడుపునొప్పి, తలనొప్పి, పిక్కలు పట్టేయడం, ఉబ్బరం వస్తాయని వివరించింది. తలనొప్పి మాట గమనించారా? ఆల్వరెజ్ చూసిందీ అదే.

ఆపుకోవద్దని చెప్పడం తేలిక. ఎక్కడికి వెళ్ళాలి? 2011 జనాభా లెక్కల్లో దేశంలో 46.9 శాతం ఇళ్ళకే ఆవరణలో మరుగుదొడ్డి ఉంది. స్కూళ్ళన్నింటిలో మరుగుదొడ్లు కట్టించాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించాల్సి వచ్చింది. 2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక కోట్లాది దొడ్లు కట్టారు. అయినా 2019–21 సర్వేలో సుమారు 19 శాతం కుటుంబాలు ఇంకా ఆరుబయటకే వెళుతున్నాయి. కట్టినచోట కూడా తలుపు గడియ, బకెట్టు నీళ్ళు లేకపోతే ఆడపిల్ల అందులోకి అడుగు పెట్టదు. స్కూలు పూర్తయ్యేదాకా నీళ్ళు తాగకుండా ఉండే అమ్మాయిలు మీ తరగతిలోనే ఉండొచ్చు.

దొడ్డి గురించి ఒక చిన్న సంగతి. 2003లో ప్రచురించిన ఒక పరీక్షలో 28 మంది మీద చూస్తే, గొంతుకూర్చున్నప్పుడు పని పూర్తికావడానికి సగటున 51 సెకన్లు, మామూలు ఎత్తు కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. తొడలు పైకి వచ్చినప్పుడు పురీషనాళం దారిలోని వంపు తిన్నబడుతుంది. ఇంట్లో కమోడ్ ఉంటే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే కొంత ప్రయోజనం ఉంటుంది. చిన్న పరీక్షే గాని ఖర్చు లేనిది, మీరూ చూడొచ్చు. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఉన్నట్టుండి అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా ఈ పీటలూ పొట్టులూ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: కొత్తకోడలుగా ఉన్నప్పుడు చీకటి పడేదాకా చెంబు పట్టుకుని బయటికి వెళ్ళలేని రోజుల్లో, ఆవిడ ఏ పూట నుంచి నీళ్ళు తాగడం మానేసేదని. మొదట సిగ్గుపడి నవ్వుతుంది. తర్వాత వేళతో సహా చెబుతుంది.